గీత ఒకచోట, తేడా మరోచోట

టిబెట్ పీఠభూమిలో పుట్టి, చైనాలోని యునాన్ లోయలు దాటి, మయన్మార్, లావోస్‌ల మధ్య నుంచి దక్షిణానికి దిగుతుంది మెకాంగ్. ఆరు దేశాల్లో 4,300 కిలోమీటర్లకు పైగా పారే నది ఇది.

లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో తెల్లారకముందే భిక్షువులు వరుసగా వస్తారు. వీధి వారన మోకాళ్ల మీద కూర్చున్నవాళ్లు జిగురన్నం చిన్న ముద్దలుగా తీసి వాళ్ల పాత్రల్లో వేస్తారు. రాత్రంతా నానిన బియ్యాన్ని వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికిస్తారు. ఇంట్లో ఆ అన్నాన్ని వేళ్లతో ఉండలా నొక్కి, మన రోటిపచ్చడిలా కాల్చిన మిరపకాయలతో నూరిన కారంలో అద్దుకుని తింటారు.

లావోస్ రాజధాని వియంటియాన్ దాటాక కుడి ఒడ్డున థాయ్‌లాండ్ ఊరు నాంగ్ ఖాయ్. అక్కడా ఇదే అన్నం, ఇదే కారం, దాదాపు ఇదే మాట. ఈసాన్ అనే ఈ ఈశాన్య ప్రాంతంలో లావో మాట్లాడేవాళ్లు లావోస్ మొత్తం జనాభా కంటే ఎక్కువ. 1893లో ఫ్రెంచివాళ్లు సయాం (నేటి థాయ్‌లాండ్) మీద ఒత్తిడి తెచ్చి ఎడమ ఒడ్డు తీసుకున్నారు. రెండు ఒడ్ల మధ్య రాకపోకల దారిగా ఉన్న నది ఆనాటి నుంచి ఎల్లగా మారింది. 1939 తర్వాత బ్యాంకాక్ ప్రభుత్వం అందరూ థాయ్‌లేనంది, బడిలో థాయ్ భాషే నేర్పింది. అంత చేసినా ఈసాన్ ఇళ్లలో లావో మాట పోలేదు. నాకు ఈ నది మీద గౌరవం కలిగేది ఇక్కడే.

పాలకులు తెచ్చిన తేడాలు లేకపోలేదు. వియంటియాన్‌లో పొద్దున్నే పొడవాటి ఫ్రెంచి రొట్టె దొరుకుతుంది. నాంగ్ ఖాయ్ దగ్గర నది మీద 1994లో తెరిచిన థాయ్-లావో స్నేహ వంతెన మీద ఎడమవైపు నడిచే బండ్లు లావోస్ చివర కుడివైపుకు మారతాయి.

ఇంకా దిగువన చంపాసక్‌లో కొండ కింద ఖ్మేర్ రాజుల శివాలయం వాట్ ఫూ ఉంది. గర్భగుడిలో ఇప్పుడు బుద్ధుడున్నాడు. ఖోన్ జలపాతాలు దాటితే కంబోడియా.

అసలైన మార్పు కంబోడియా రాజధాని నామ్‌పెన్ దాటి వియత్నాంలో అడుగుపెట్టాక కనిపిస్తుంది. ఖ్మేర్ అక్షరాలు దక్షిణ భారత లిపి నుంచి వచ్చినవి, అంటే మన లిపికి చుట్టాలే. వియత్నాంలో రాత రోమన్ లిపిలో. అన్నం పుల్లలతో తింటారు, ఇంటింటా పూర్వీకుల పీఠం ఉంటుంది, బౌద్ధం మహాయానం. అయితే ఈ గీతా కచ్చితమైనది కాదు. డెల్టాలోని చావిన్, సోక్ చాంగ్ ప్రాంతాల్లో నేటికీ ఖ్మేర్ విహారాలున్నాయి, ఖ్మేర్ మాట్లాడే రైతులున్నారు.

అందుకే దేశం పేరు చెప్పి అక్కడి మనుషుల తీరు తేల్చే పుస్తకాలను నేను నమ్మను. బ్యాంకాక్ చూడబోయే మనవాళ్లకు ఒక మాట: రాత్రి రైలెక్కి నాంగ్ ఖాయ్ వెళ్లండి. వంతెన దాటి, రెండు ఒడ్ల మీదా భోజనం చేసి రండి.