అమ్మీ ఇచ్చిన అమానత్

పెదకూరపాడు స్టేషన్‌లో గుంటూరు బండి కోసం నిలబడ్డప్పుడల్లా భాయ్‌జాన్ జేబు తడుముకుంటాడు. అందులో పొద్దున వేసుకోవాల్సిన టాక్రోలిమస్ గోలీ ఉంటుంది. పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే దాన్ని మింగాలి. రాత్రి వేసుకున్న దవా ఒంట్లో ఎంత మిగిలిందో అప్పుడే సరిగ్గా తెలుస్తుంది.

అమ్మీ తన గుర్దా ఇచ్చి నాలుగేళ్ళయింది. దాన్ని పరాయిదనుకుని ఒళ్ళు దాడి చేయకుండా ఈ గోలీయే కాపలా. పన్నెండు గంటలకొకసారి, గుర్దా పనిచేసినన్నాళ్ళూ వేసుకోవాలి.

పోయినేడు రంజాన్ ముందు భాయ్‌జాన్‌కు తలనొప్పి మొదలైంది. మిరప కళ్ళంలో ఎండ తగిలిందనుకున్నాం. చూస్తే బీపీ 170/100. "ఆ గోలీల వల్లే" అన్నారెవరో. మాట నిజమే. కానీ భాయ్‌జాన్ ఎవరికీ చెప్పకుండా రాత్రి గోలీ మానేశాడు. మూడో రోజు అమ్మీ డబ్బాలో గోలీలు లెక్కపెట్టింది. ముసల్లా మీద కూర్చుని ఏడ్చింది.

"అది నీ దగ్గర అమానత్ బేటా" అంది, అంతే.

మర్నాడే గుంటూరు వెళ్ళాం. డాక్టర్ సాబ్ కోప్పడలేదు, విడమర్చి చెప్పారు. ఈ దవా గుర్దాకు రక్తం తెచ్చే సన్నని నాళాలను బిగిస్తుంది. ఉప్పును బయటికి పోనివ్వదు. ఉప్పు నిలిస్తే నీరు నిలుస్తుంది, బీపీ ఎక్కుతుంది. ఇదే కోవకు చెందిన పాత మందు సైక్లోస్పోరిన్‌తో ఈ బాధ ఇంకా ఎక్కువట. బీపీని వదిలేస్తే గుర్దా పాడవుతుంది. గోలీ మానేస్తే ఒళ్ళే గుర్దాను తిరస్కరిస్తుంది. రెండు వైపులా ఖతరాయే.

అల్‌హమ్దులిల్లాహ్, క్రియాటినిన్ పెరగలేదు. టాక్రోలిమస్ కొనసాగించి, ఆమ్లోడిపిన్ చేర్చారు. దుకాణంలో అడిగి బీపీ మందు కొనొద్దన్నారు. డిల్టియాజెమ్ లాంటివి రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచేస్తాయి. తలనొప్పికి డైక్లోఫెనాక్ గోలీలూ వద్దన్నారు, అవి గుర్దాకే చేటు.

ఇప్పుడు మా దస్తర్‌ఖాన్ మీద అచార్, అప్పడాలు కనిపించవు. అమ్మీ కూడా అదే పరహేజ్ పాటిస్తోంది, ఆమెకూ ఉన్నది ఒక్క గుర్దాయే కదా. ఫజర్ తర్వాత ఇద్దరూ బీపీ చూసుకుని నోట్‌బుక్కులో రాస్తారు.

ఆ రంజాన్‌లో భాయ్‌జాన్ రోజా ఉండలేదు. సెహరీ నుంచి ఇఫ్తార్ దాకా పన్నెండు గంటలు దాటిపోతుంది, గోలీ వేళ తప్పుతుంది. బీమార్‌కు అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్ ఉందిగా. అయినా ఇఫ్తార్ వేళ ఖర్జూరం చేతికిస్తే సిగ్గుపడ్డాడు.

మీ ఇంట్లోనూ గుర్దా మార్పిడి అయినవాళ్ళుంటే, ఈ రోజే బీపీ చూడండి. ఎక్కువుంటే డాక్టర్‌కు చెప్పండి. గోలీ మాత్రం మీ అంతట మీరు ఆపకండి.