వాన వెలిసిన మర్నాడు ఎర్రమట్టి దిబ్బల్లో

విశాఖపట్నంలో ఉన్న మూడు రోజుల్లో మొదటి రెండూ పెళ్లింట్లోనే గడిచిపోయాయి. రెండో రాత్రంతా వాన. మూడోనాడు తెల్లవారేసరికి వెలిసింది. భీమిలి వెళ్లే 900కె బస్సెక్కి కుడివైపు కిటికీ పక్కన సీటు పట్టుకున్నాను. అటువైపే సముద్రం. మంగమారిపేట దగ్గర అలలు రాతిని తొలిచి చేసిన తోరణం ఉంది. అక్కడ దిగుదామనుకుంటూనే దాటిపోయాను. నా మనసంతా ముందున్న ఎర్రమట్టి దిబ్బల మీదే ఉంది.

ఆ దిబ్బల్ని నేను సినిమా పాటల్లో ఎన్నోసార్లు చూశాను. ఎర్రటి గోడలుగా తప్ప అక్కడేదో జరుగుతున్నట్టు ఎప్పుడూ తోచలేదు. వాన మర్నాడు వెళ్లడం నా అదృష్టం.

రోడ్డు దిగి సరుగుడు చెట్ల వైపు నడుస్తుంటే మేకలు తోలుకొస్తున్న ఒక ముసలాయన నన్ను ఆపాడు.

"ఏటి తల్లీ, ఒక్కరే వచ్చినారా? రాత్రి వానకి ఆ దారి తెగిపోనాది. నా ఎనకాల రండి."

చెప్పులు లేని ఆ కాళ్లు తడి ఇసుక మీద ఎక్కడా తడబడలేదు. నా బూట్లు మాత్రం అడుగడుక్కీ కూరుకుపోయాయి. పది నిమిషాల్లో ఒక గొందిలోకి దిగాం. రెండు పక్కలా నాకు రెండింతల ఎత్తున నిట్టనిలువు గోడలు. తడిసిన ఆ ఎరుపు పచ్చి కుంకుమ రంగులో ఉంది. వేలితో గీస్తే పైపెచ్చు విరిగి లోపలి ఇసుక జలజలా రాలింది. అంతెత్తు గోడ నిజానికి ఒక ఇసుక కుప్ప! చెయ్యంతా ఎర్రబడింది.

"మా చిన్నతనంలో ఈ గొందిలో రెండు మేకలు పక్కపక్కన పట్టేవి కావు. ఇప్పుడు ఎడ్లబండి ఎల్లిపోద్ది" అన్నాడు తాత.

"ఇంత వెడల్పు ఎలా అయింది తాతా?"

"వాన తినేసింది."

అంతకంటే బాగా ఎవరు చెబుతారు? గొంది అడుగున రాత్రి పారిన నీటి జాడలు ఇంకా చెరిగిపోలేదు. వెంట్రుకంత సన్నని చారలు కలిసి వేలంత కాలువలై, అవి కలిసి జానెడు వెడల్పు వాగై, ఆ వాగు గొందిలో కలిసింది. పై నుంచి చూస్తే జిల్లేడాకు ఈనెల్లా ఉంది. వాలు తగ్గిన చోట నీరు మోసుకొచ్చిన ఇసుకను విసనకర్రలా పరిచి వదిలేసింది. గోదావరి సముద్రంలో కలిసే చోట చేసే పనే ఇదీ. వేగం తగ్గితే నీరు బరువు దించేస్తుంది. పుట్టిన చోటు నుంచి డెల్టా దాకా ఒక నది బతుకంతా నా రెండడుగుల మధ్య కనబడింది. గోడ వారన చతికిలబడి చాలాసేపు చూశాను. మేకలు ఎటో వెళ్లిపోయినా తాత తొందరపెట్టలేదు.

ఇంత ఇసుక సముద్రమట్టానికి పైన ఎలా పోగుపడింది? భూవిజ్ఞానులు చెప్పే కథ ఇది. సుమారు 20 వేల ఏళ్ల కిందట భూమ్మీద నీరు పెద్ద మొత్తంలో మంచుగా గడ్డకట్టి ఉండేది. సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగిపోయింది. తీరం తూర్పుగా ఎంతో దూరం జరిగి, అలల కింద ఉండాల్సిన ఇసుక ఎండకు బయటపడింది. ఆరిన ఇసుకను గాలి లోపలికి తోసుకొచ్చి దిబ్బలు పేర్చింది.

ఎరుపు తర్వాత వచ్చింది. తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి ఉంది. అందులో ఇనుము కలిసిన గోమేధిక ఖనిజం ఎక్కువ. ఆ రాళ్లు చివికి, వాగుల వెంట కొట్టుకొచ్చి, కడకు ఈ ఇసుకలో చేరాయి. వేల ఏళ్లు వానకు నాని, ఎండకు ఎండి, వాటిలోని ఇనుము తుప్పు పట్టింది. ఇనుప గేటుకు పట్టే తుప్పు లాంటిదే. అదే ప్రతి రేణువుకూ పూతలా పట్టి, సన్నటి బంకమట్టితో కలిసి ఇసుకను కొంచెం అతికి ఉంచింది. గోడలు నిలువుగా నిలబడుతున్నది ఆ బలంతోనే. అది గట్టి బలం కాదు. గాలి కట్టినదాన్ని ఇప్పుడు వాన విప్పుతోంది.

తాత గోడలోంచి పొడుచుకొచ్చిన తెల్లటి గొట్టాలు చూపించాడు. ఎప్పుడో ఇక్కడ పెరిగిన మొక్కల వేళ్ల చుట్టూ సున్నం గట్టిపడి మిగిలిన ఆకారాలవి. వేళ్లు కుళ్లిపోయాయి, వాటి రూపు నిలిచింది. నాకు ఒళ్లు జలదరించింది. ఈ దిబ్బల్లో రాతియుగం మనుషుల పనిముట్లు కూడా దొరికాయి. మేకల వెంట తాత తిరిగే చోటే వాళ్లూ తిరిగి ఉంటారు.

ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు దక్షిణ తీరంలో ఉన్నాయి, అక్కడ వాటిని తేరి అంటారు. శ్రీలంకలోనూ ఉన్నాయి. మన దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. అయినా అంతకుముందు ఏడాదే, 2024లో, ఇక్కడ యంత్రాలతో తవ్వుతున్నారని పెద్ద గొడవ జరిగింది. వాన ఏళ్ల తరబడి చేసే పని యంత్రం ఒక పూటలో చేస్తుంది. పైగా వాన గీసే ఈనెలు అది గీయలేదు.

మధ్యాహ్నం భీమిలిలో చేపల పులుసుతో అన్నం తిన్నాను. పెళ్లి భోజనం కంటే వంద రెట్లు బాగుంది. డచ్చివాళ్ల పాత సమాధులు చూసి, గోస్తని సముద్రంలో కలిసే చోట కాసేపు నిలబడ్డాను. బొర్రా గుహల్లోంచి వచ్చే ఏరే ఇది. సాయంత్రం బస్సులో నిద్రపోయాను.

అంతకుముందు నేను దిబ్బల్లోంచి బయటికి వస్తుంటే కొందరు కుర్రాళ్లు ఫొటో కోసం దిబ్బ అంచు మీదికి ఎక్కారు. వాళ్ల కాళ్ల కింద పెచ్చు విరిగి బారెడు గోడ జారిపోయింది. తాత అరిచినా వినలేదు. మీరు వెళితే వాన పడిన మర్నాడు వెళ్లండి, నీళ్లసీసా తీసుకెళ్లండి, లోపల నీడ తక్కువ. గొందుల అడుగునే నడవండి, అది నీరు వేసిన దారి. దయచేసి దిబ్బల అంచులు మాత్రం ఎక్కకండి.