సూదంటురాయి పరీక్ష

కిందటి వేసవిలో అమ్మ తెనాలి నుంచి వచ్చి, యూ టీలోని మా ఫ్లాటులో మూడు నెలలుంది. తెచ్చిన సామానులో సగం పచ్చళ్ళూ పొడులూ, తక్కిన సగం స్టీలు గిన్నెలు. "సింగపూర్లో గిన్నెలు దొరకవా అమ్మా!" అని మేము ఫోనులో మొత్తుకున్నా వినలేదు.

వాటిలో ఒక చారుగిన్నె ఉంది. 1979లో అమ్మ పెళ్ళికి తాతయ్య కొన్నది. అంచు కింద అమ్మ పేరూ, తేదీ చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటాయి. తాతయ్య స్టీలు కొట్టుకి వెళ్ళేటప్పుడు, పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసిన సూదంటురాయిని జేబులో వేసుకుని వెళ్ళేవాడట. అంటుకున్న గిన్నెని "ఇందులో ఇనుముంది" అని పక్కకి నెట్టేసేవాడట. అంటుకోనిదే అసలు స్టీలు. ఈ పరీక్ష మీలో చాలామంది ఇళ్ళల్లో చూసే ఉంటారు.

వచ్చిన మర్నాడు పొద్దున్నే అమ్మ ఆ గిన్నెలో చారు పోసి పొయ్యి మీద పెట్టింది. మాది అద్దె ఇల్లు. ఇంటివారు ఇండక్షన్ పొయ్యి పెట్టించారు. అది కీచుమని మూడుసార్లు అరిచి ఆరిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ అరిచింది. ఆఫీసు హడావుడిలో ఉన్న మేము, "ఆ గిన్నె ఇక్కడ పనికిరాదమ్మా, పక్కన పెట్టెయ్" అనేశాం.

అమ్మ ఏమీ అనలేదు. గిన్నె కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టేసింది. రెండు రోజులు వంటింట్లోకి రాలేదు. "మీరేం పెడితే అదే తింటాను" అని, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా సోఫాలో కూచుంది. మాకు వండిపెట్టాలనే కదా ఇంత దూరం వచ్చింది! మాకు ముద్ద దిగలేదు.

మూడోరోజు శనివారం. మా అమ్మాయి ఫ్రిజ్ మీది అయస్కాంతపు బొమ్మ తీసుకుని, నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఇల్లంతా పరీక్ష మొదలెట్టింది. ఫ్రిజ్ స్టీలు తలుపుకి అంటింది. బట్టలుతికే మిషను తొట్టికి అంటింది. సింకుకి అంటలేదు. అమ్మ గిన్నె అడుగుకి అంటలేదు గాని, వంచిన అంచు దగ్గర లీలగా లాగింది. అమ్మ ముఖం చిన్నబోయింది. "మా నాన్న మోసపోయాడంటావురా?" అంది.

మొదటిరోజే చెప్పవలసిన మాటలు అప్పుడు నింపాదిగా కూచుని చెప్పాం.

స్టీలుని తుప్పు నుంచి కాపాడేది క్రోమియం. నూటికి పదిన్నర పాళ్ళకి తగ్గకుండా కలిపితే, గాలి తగిలి కంటికి కనపడనంత పల్చని పొర కడుతుంది. గీత పడ్డా మళ్ళీ తనే పూడుకుంటుంది. దానికి నికెలు కూడా జోడిస్తే (18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు అన్నది పేరుపడ్డ పాకం) లోపలి అణువుల అమరిక మారి సూదంటురాయికి లొంగదు. దీన్ని ఆస్టెనైటిక్ అంటారు. నికెలు ఖరీదు గనక, మన గిన్నెలకి మాంగనీసు ఎక్కువ వేసిన రకం కూడా విరివిగా వాడతారు, అదీ అంటదు. ఈ రకాల రేకుని కాల్చకుండా వంచితే, వంచిన చోట కాస్త అయస్కాంతగుణం వస్తుంది. అంచు లాగింది అందుకే. తాతయ్య మోసపోలేదు.

నికెలు దాదాపు లేకుండా, క్రోమియంతోనే నెట్టుకొచ్చేది ఫెర్రిటిక్ స్టీలు. ఇనుములా అంటుకుంటుంది, ఇనుములా తుప్పు పట్టదు. ఆస్టెనైటిక్ కన్నా వేడిని బాగా పాకిస్తుంది, వేడికి తక్కువ సాగుతుంది, చవక కూడా. 11 పాళ్ళ క్రోమియం ఉన్న 409 రకం కార్ల పొగగొట్టాలకి, 16 నుంచి 18 పాళ్ళున్న 430 రకం వంటింటి సామానుకి వాడతారు. లోపాలూ ఉన్నాయి. లోతైన పాత్రగా సాగదీయడం కష్టం; అతుకు పెట్టినచోట పెళుసవుతుంది; ఉప్పునీళ్ళు నిలవుంటే 430 మీద సన్నని గుంటలు పడతాయి.

ఇక పొయ్యి సంగతి. గాజు కింద ఉన్నది మంట కాదు, తీగచుట్ట. అందులో కరెంటు సెకనుకి వేలసార్లు దిశ మారుతూ, గిన్నె అడుగులో సుడులుగా కరెంటు పుట్టిస్తుంది; వేడెక్కేది గిన్నే. అయస్కాంతగుణం ఉన్న లోహంలో ఆ సుడులు పైపొరలోనే ఇరుక్కుని బాగా కాగుతాయి. లేనిదాంట్లో వేడి చాలదు. పొయ్యి గిన్నే లేదనుకుని ఆగిపోతుంది.

"అయితే ఇనుప మూకుడు పెట్టొచ్చుగా?" అంది అమ్మ. పెట్టొచ్చు. యూ టీ అంటే టియోచ్యూ భాషలో చమురుచెరువని అర్థం. జపానువాళ్ళ ఆక్రమణ కాలంలో ఇక్కడ చమురు నిలవచేసేవారట. ఆ చమురేదీ మా మూకుడికి అందలేదు. ఈ తేమకి వారం తిరక్కుండా తుప్పెక్కింది.

ఇంతలో మా అమ్మాయి నాయనమ్మ చిల్లరసంచిలో బొమ్మ పెట్టి తీసింది. రూపాయిలు గుత్తిగా వేలాడుతూ వచ్చాయి. ఒకదాని మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం: హైదరాబాదు టంకశాల గుర్తు. 1988లో 10, 25, 50 పైసల నాణేలూ, 1992లో రూపాయీ ఫెర్రిటిక్ స్టీలుతో వచ్చాయి. అంతకు ముందు రూపాయి రాగీ నికెలూ కలిపినది.

అమ్మ నాణెం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "మా నాన్న పక్కకి నెట్టిన స్టీలుతోనే సర్కారు రూపాయి కొట్టిందన్నమాట!" అని నవ్వింది. రెండు రోజుల తరవాత అదే మొదటి నవ్వు.

సూదంటురాయి స్టీలు రకం చెబుతుంది గాని మంచిచెడ్డలు చెప్పదు. వట్టి ఇనుముకీ అది అంటుకుంటుంది కదా! ఏ పొయ్యికి, ఏ పనికి అన్నది మనం చూసుకోవాలి.

ఆ సాయంత్రమే లిటిల్ ఇండియా వెళ్ళాం. అమ్మ అయస్కాంతపు బొమ్మ పట్టుకుని అడుగు అడుగూ పరీక్షించి, ఈసారి గట్టిగా అంటుకున్న గిన్నెనే ఏరింది. అప్పటినుంచి చారు కాగేది కొత్తదాంట్లో, వడ్డన తాతయ్య గిన్నెలోంచి.

వెళ్ళేరోజు పెట్టె సర్దుతూ పాత గిన్నె ఇక్కడే ఉంచి, కొత్తది చీరల మధ్య పెట్టుకుంది. "అది ఇక్కడ కావాలి కదమ్మా!" అన్నాం.

"పేరు లేని గిన్నె ఏం గిన్నెరా? తెనాలిలో మనవరాలి పేరు కొట్టించి, మళ్ళీ వచ్చేటప్పుడు తెస్తాను" అంది.