పగిలిన గ్లాసు

నాయన పడిపోయిన రోజే ఆయన చేతిలోని ఫోనూ పడింది. టెంపర్డ్ గ్లాసు మూల నుంచి మూలకి చీలింది. కింద స్క్రీన్ మీద గీత కూడా లేదు. ఇప్పుడా ఫోన్ అమ్మ వాడుతోంది.

మొన్న చిత్తూరు వెళ్తూ తిరుపతి గాంధీ రోడ్డులో కొత్త గ్లాసు కొన్నాను. ఇంజనీర్ని కదా, అమ్మకి వివరించాను కూడా: ఈ గాజుని దాదాపు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. చిన్న సోడియం అయాన్లు బయటికొచ్చి, వాటి చోట్లో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. ఆ ఇరుకే దాని బలం. ఒకసారి పగిలాక ఇంకో దెబ్బకి ఆగదు, మార్చెయ్యాలి.

అమ్మ అంతా వినింది.

"అదంతా సరేలే అబ్బోడా. దీన్ని అంటించింది మీ నాయన."

స్క్రీన్‌ని కాపాడదామని వెళ్ళినవాణ్ణి, ఆ పగిలిన గ్లాసు ఊడిపోకుండా దాని మీద టేపు అంటించి వచ్చాను.