అంకుడాకు నూనె

గత సంవత్సరము శ్రావణ శుక్రవారమునాడు మా ఆడపడుచును వెంటబెట్టుకొని యొక యింటికి పేరంటమునకు పోయితిమి. ఆ యిల్లాలు అందఱి కాళ్లకును పసుపు రాసినది. మా పిల్ల వంతు వచ్చినపుడు మాత్రము తాంబూలమును పీటపై నుంచి దూరముగా తొలగినది. మా పిల్ల మోచేతులపై ఏడేండ్లుగా తెల్లని పొలుసులు లేచు ఎఱ్ఱని మచ్చలున్నవి. ఆమె దారిలో నేమియు మాటాడలేదు. ఇల్లు చేరిన పిమ్మట "వదినా, నాది కుష్ఠమే కదూ?" అని యడిగినది.

కాదని యూరక చెప్పిన నమ్మదు. మా నాయనగారి యొద్ద మేము చదివినవి కావ్యములే గాని వైద్యగ్రంథములు కావు. అయినను చరకసంహితలో కుష్ఠమను పేరు అనేక చర్మవ్యాధులకు కలదని యెఱుగుదుము. అందు మహాకుష్ఠములు 7, క్షుద్రకుష్ఠములు 11. నేటి ఆయుర్వేద వైద్యులు సోరియాసిస్‌ను ఆ రెండవ తెగలోని ఏకకుష్ఠముతోను, కిటిభముతోను పోల్చుచున్నారు. ఇప్పుడు లోకము కుష్ఠమని భయపడునది సూక్ష్మజీవివలన కలుగు వేఱొక రోగము. సోరియాసిస్ అంటునది కాదు. 2014లో ప్రపంచ ఆరోగ్యసభ తీర్మానము సైతము అట్లే చెప్పినది. మన దేహమును కాపాడవలసిన కణములే దారి తప్పి చర్మమును తొందరపెట్టగా, నెలదినములకు జరుగవలసిన మార్పు నాలుగైదు దినములకే జరిగి పొలుసులు పేరుకొనును. ఇంత చెప్పిన పిమ్మట గాని ఆమె యన్నము ముట్టలేదు.

మఱునాడు ఈ సంగతి విని పొరుగింటి పిన్నిగారు అంకుడాకు తెచ్చియిచ్చిరి. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయు కొయ్య ఈ చెట్టుదే. అరవవారు దీనిని వెట్పాలై యందురు. వారి సిద్ధవైద్యమున ఈ ఆకును కొబ్బరినూనెలో వేసి యెండబెట్టి సోరియాసిస్‌కు పూయుట కలదు. మేమును గాజుసీసాలో నట్లే చేసితిమి. కొన్ని దినములకు నూనె ఊదారంగు తిరుగుట చూచి పిల్లలు సీసా చుట్టు చేరిరి. పూసిన తోడనే పొలుసులు మెత్తబడినవి, దురద తగ్గినది. మా సంతోష మింతంత కాదు!

ఆ సంతోషములోనే పొరపాటు జరిగినది. ఆమె నెలల తరబడి వాడుచున్న స్టెరాయిడ్ పూతమందును ఎవ్వరితోను చెప్పక ఒక్కనాడే మానివేసినది. మూడు వారములు తిరుగకముందే వీపంతయు నెఱ్ఱబడి, రాత్రులు నిద్ర లేకపోయెను. ఆమెను వైద్యురాలి యొద్దకు కొనిపోయితిమి. అట్టి మందు దిడీలున మానిన రోగము రెట్టించి తిరుగబడునని ఆమె చెప్పగా మాకు నోట మాట రాలేదు. ఆకును తెప్పించినవారము మేము. మందు మానితివా యని యడుగనివారమును మేమే.

ఆ వైద్యురాలు ఆకును తూలనాడలేదు. అంకుడాకులో ఇండిరుబిన్ అను ఎఱ్ఱని పదార్థము కలదట. ఇది నీలిమందుకు తోబుట్టువు వంటిది. చీనావారు నీలిజాతి యాకులనుండి తీయు చింగ్‌దాయ్ అను పొడిలోను ఇదే యున్నది. తైవానులో 42 మంది రోగులకు 12 వారములు ఒక ప్రక్క ఆ పొడి కలిపిన లేపనమును, రెండవ ప్రక్క పొడిలేని లేపనమును పూసి చూచిరి. 2008లో ప్రకటించిన ఫలితములలో 31 మందికి, పొడి పూసిన ప్రక్క మచ్చలు పూర్తిగానో దాదాపుగానో పోయినవి. అయితే అది శుద్ధిచేసి కొలిచి కలిపిన మందు. దాని ఫలము మన వంటయింటి సీసాకు అప్పిచ్చుట న్యాయము కాదు. పైగా అదే పొడిని లోనికి పుచ్చుకొన్నవారిలో కొందఱికి ఊపిరితిత్తుల రక్తనాళములలో పోటు హెచ్చినదని 2016లో జపాను ప్రభుత్వము హెచ్చరించినది. ఆకే గదా యని కషాయము కాచి త్రాగుదమను తల్లులకు ఈ సంగతి తప్పక తెలియవలెను.

ఇప్పుడు మా ఆడపడుచు వైద్యురాలు చెప్పిన క్రమముననే మందు తగ్గించుకొనుచున్నది. అంకుడు నూనెను పొలుసులు మెత్తబడుటకు మాత్రము, ఆమె యనుమతితో, ముందు చేతిపై కొంచెము పూసి చూచుకొని వాడుచున్నది. వీపున నెఱుపు తగ్గినది. మోచేతులవి ఇంకను ఉన్నవి. ఈ యేడు శ్రావణమున పేరంటము మా యింటనే చేసితిమి. నిరుటి యిల్లాలును వచ్చినది. పసుపు రాయు పని మా ఆడపడుచునకే ఒప్పగించితిమి. ఆమె కాళ్లు చాచుటకు కొంచెము తటపటాయించినది గాని, చాచినది.