పని తీరిన పిదప మిగులు వాకిలి

మా గాండ్లపెంట ప్రాంతమున వేరుసెనగ చేనికి కాపుండు రైతు మంచె వేసికొనును. పంట యిల్లు చేరగానే దానిని విప్పును. కంప్యూటరు విద్యయందును ఈ మర్యాద మిక్కిలి యవసరము.

ఒకే కంప్యూటరులో పెక్కు కల్పితయంత్రములను నడుపు సాధనములు గలవు. 2003వ సంవత్సరమున ఫాబ్రిస్ బెల్లార్ ఆరంభించిన క్యూఎము అట్టిది. నడుచుచున్న కల్పితయంత్రమునకు ఆజ్ఞల నిచ్చుటకొక వాకిలి కావలయును. లినక్సునందు ఆ వాకిలి తఱచుగా యూనిక్సు సాకెట్టు. 1983లో 4.2 బీఎస్‌డీతో వెలువడిన యీ సాకెట్టునకు ఫైళ్లనడుమ నొక పేరుండును.

చిక్కంతయు ఆ పేరులోనే గలదు. యంత్రము హఠాత్తుగా కూలినపుడు ఆ పేరు తనంతట తాను తొలగిపోదు. మరల అదే పేరుతో సాకెట్టును నెలకొల్పబోయినచో, చిరునామా యిదివరకే వాడుకలో నున్నదని లినక్సు నిరాకరించును. ఇంట నెవరును లేరు; తలుపుమీది పేరు మాత్రము క్రొత్తవారిని రానీయదు. ఇట్లొకనాడు పాఠము నిలిచిపోగా, నెలకొక్కమారు కంప్యూటరు ముందు గూర్చుండు పిల్లల ముఖములు చిన్నబోవుట మేము చూచితిమి.

"కనబడిన సాకెట్టులనెల్ల చెరిపివేసిన చాలదా?" యని యొక బాలుడడిగెను. చాలదు. బ్రతికియున్న యంత్రపు సాకెట్టును చెరిపినను ఆ యంత్రము ఆగదు. మెమరీని వాడుకొనుచునే యుండును. కాని క్రొత్తగా నెవ్వరును దానిని పిలువజాలరు. తోటివాని శ్రమ యట్లు చేయిజారును. కావున ముందు ఆ సాకెట్టునకు కనెక్టు చేసి చూడవలయును. వినువారు లేరని తేలినప్పుడే తొలగింపవలయును.

ఇంతకన్న మేలైన మార్గము గలదు. నడిపిన ప్రతిసారియు క్రొత్త పేరుతో తాత్కాలికమైన డైరెక్టరీని సృష్టించి, సాకెట్టులను అందే యుంచవలయును. లినక్సునందు సాకెట్టు దారి 108 బైట్లకు మించరాదు గనుక ఆ పేరు పొట్టిదిగా నుండుట మేలు. పైథానులో 'ఫైనల్లీ' భాగమున తొలగింపును వ్రాసినచో, పని ఫలించినను చెడినను అది జరుగును. కరెంటు పోయినపుడు మాత్రము అదియు జరుగదు. అయినను పేరు క్రొత్తదగుటచే పాత శేషము మఱుసటి పని కడ్డురాదు. ఆ శేషమును తీరికగా పరీక్షించి తొలగింపవచ్చును.

విద్యార్థులారా, తాత్కాలికమైన దానిని సృష్టించు వాక్యము వ్రాసినప్పుడే దానిని తొలగించు వాక్యమును వ్రాయుడు. ఇతరులదానిని తొలగించుటకు ముందు తలుపు తట్టి చూడుడు.