నంద్యాలలో సూది, దొర్నిపాడులో కసరత్తు

దొర్నిపాడు నుంచి నంద్యాల బస్సెక్కితే మోకాళ్ల మాట రాకుండా ప్రయాణం సాగదు. నాట్లకు వంగి, కలుపుకు గొంతుక్కూర్చుని, నల్లరేగడి బురదలో కాళ్లు దిగబడి నడిచినవాళ్లే ఎక్కువ. మా మేనత్తకు గట్టు దిగుతుంటే మోకాలు కలుక్కుమంది. వాపు తగ్గకపోతే ఎమ్మారై తీయించాం. లోపలివైపు మెనిస్కస్, అంటే కీలులో మెత్తలా ఉండే మృదులాస్థి, చిరిగిందన్నారు. ఆపరేషన్ అనగానే, "కోతలప్పుడు నన్ను మంచాన పడేయొద్దప్పా" అంది. స్కానింగ్‌లో చూస్తూ ఇంజెక్షన్ వేస్తారని తెలిసి, నంద్యాలలో ఓ ఎముకల ఆసుపత్రికి ఆమె వెంట వెళ్లాను.

స్కానింగ్ గది తలుపు మీద లింగ నిర్ధారణ పరీక్షలు చేయబోమన్న బోర్డు ఉంది. "మోకాలికి వస్తే ఇదేంది?" అని అత్త నవ్వింది. 1994 నాటి చట్టం ప్రకారం కడుపులో బిడ్డను చూడగల యంత్రాన్ని ఏ పనికి వాడినా రిజిస్టర్ చేయించాల్సిందే.

అత్తను పడుకోబెట్టి, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టారు. చర్మానికి గోధుమరంగు మందు పూసి, జెల్ రాసి, మోకాలిచిప్పకు కాస్త పైన ప్రోబ్ ఆనించారు. తెర మీద నల్లటి పట్టీలా కనిపించింది చేరిన నీరు. పక్కనుంచి సూది దిగుతుంటే తెల్లటి గీత ఆ నలుపు వైపు జరుగుతూ వచ్చింది. ముందు పసుపుపచ్చ నీరు లాగారు, తర్వాత అదే సూదితో స్టెరాయిడ్, మత్తుమందు ఎక్కించారు. మందు కీలులోనే పడిందని మాకూ కనబడింది.

"ఇది చిరుగును కుట్టదమ్మా, వాపు, నొప్పి తగ్గిస్తుంది. మీకు షుగరుంది కదా, కొన్నాళ్లు పెరుగుతుంది, రోజూ చూపించుకోండి" అన్నారు డాక్టర్. మెనిస్కస్ బయటి అంచుకే రక్తం బాగా అందుతుంది. లోపలి భాగం చిరిగితే తనంతట తాను అతుక్కోవడం కష్టం. జనం 'గుజ్జు ఇంజెక్షన్' అనే హయాలురోనిక్ ఆమ్లమైనా, సొంత రక్తంతో చేసే పీఆర్‌పీ అయినా ఆ చిరుగును అతికిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

అయితే ఆపరేషన్ తప్పదా? ఫిన్లాండ్‌లో 35-65 ఏళ్ల మధ్యనున్న 146 మందిలో, అరుగుదలతో వచ్చిన చిరుగుల మీద పరిశోధన జరిగింది. కొందరికి చిరిగిన ముక్క తీశారు, కొందరికి తీసినట్టు నటించారంతే. ఏడాదికి రెండు జట్లకూ ఊరట దాదాపు ఒకటే. 2013లో ఆ ఫలితం వెలువడింది. కుర్రాళ్లకు ఆటలో తగిలిన చిరుగు, కాలు చాపలేనంతగా బిగుసుకున్న మోకాలు వేరు సంగతి. వాటికి శస్త్రచికిత్స కావాల్సి రావచ్చు.

అలాగని సూదికి అలవాటు పడకూడదు. మోకాలి అరుగుదల ఉన్న 140 మందిపై అమెరికాలో చేసిన పరిశోధన 2017లో వచ్చింది. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు స్టెరాయిడ్ వేయించుకున్నవాళ్ల మృదులాస్థి, ఉప్పునీటి సూది పడినవాళ్లకన్నా ఎక్కువ పలచబడింది. నొప్పిలో మాత్రం తేడా లేదు.

పక్కగదిలో ఫిజియోథెరపిస్ట్ అసలు పని అప్పజెప్పాడు. మోకాలి కింద టవల్ పెట్టి, తొడ బిగించి కిందికి నొక్కాలి, కాసేపు ఆపి వదలాలి. నొప్పి తగ్గిన ఈ కొన్ని వారాల్లోనే తొడ కండ బలపడాలట. దానికి యంత్రం అక్కర్లేదు, వసారాలో చాప చాలు. ఊళ్లో ఆశా కార్యకర్తలకు ఈ కసరత్తులు నేర్పితే, దొర్నిపాడు నుంచి చాలామందికి సూది కోసం నంద్యాల దాకా రావాల్సిన పని తప్పుతుంది.